సాయంకాలము లేని దినము

మా ఊరి దేవాలయము మట్టిగోడలమీద తాటాకు కప్పిన పాక. ఆ పాకలో, పొద్దువాలిన వేళ, చాపలమీద కూర్చుండి ఆదివారపు బడి పిల్లలము ఆదికాండము మొదటి అధ్యాయమును తలకొక వచనము చొప్పున చదువుచుండగా, నాలుగవ దినపు సంగతి వచ్చుసరికి నాకొక సందేహము కలిగినది. వెలుగు మొదటినాడే కలిగినదని అంతకుముందే చదివియుంటిమి. సూర్యుడో, నాలుగవనాడు గాని కలుగలేదు. "సూర్యుడు లేకుండా ఆ మూడునాళ్ళూ వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ, అయ్యగారూ?" అని అడిగితిని. మా ఉపదేశిగారు పండితులు కారు; వారమంతయు సేద్యము చేసికొని ఆదివారమునాడు మాకు వాక్యము చెప్పువారు. కళ్ళజోడు నుదుటిమీదికి తోసికొని, "తెల్లారగట్ల ఎప్పుడైనా లేచావట్రా? పొద్దు పొడవకముందే తూర్పంతా తెల్లబడదూ? ఆ వెలుగు సూర్యుడొచ్చాక వచ్చిందా, ముందొచ్చిందా?" అని తిరిగి నన్నే అడిగి, తరువాతి పిల్లవానికి వచనము అందించిరి.

ఆ సమాధానమును చాలకాలము నేను పల్లెటూరి గడుసుదనముగా మాత్రమే భావించితిని. 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియా పండితుడు ఆరిగెను నా ప్రశ్ననే వేసెననియు, 4వ శతాబ్దమున మిలాను నగరపు బిషప్పు అంబ్రోసు దానికి ఇంచుమించు మా ఉపదేశిగారి సమాధానమునే చెప్పెననియు తెలియుటకు నాకు మరి ముప్పది ఏండ్లు పట్టినది. ప్రాచీనుల దృష్టిలో పగటి వెలుగు వేరు, సూర్యుని తేజము వేరు. వేకువ సూర్యునికంటె ముందు వచ్చుట, మబ్బు కమ్మిననాడు సూర్యబింబము కానరాకున్నను పగలు పగలుగనే యుండుట వారు నిత్యము చూచుచుండినవే గదా. నేను అసంగతమని పట్టుకొన్న దానిలో వారికి అసంగతమేమియు కనుపడలేదు.

ఈ అధ్యాయమును ముట్టుకొనువారిలో పెక్కుమంది దీనిని సాక్షిబోనులో నిలువబెట్టుదురు. ఐర్లండులోని ఆర్మా నగరపు ఆర్చిబిషప్పు జేమ్సు అషరు 1650లో బైబిలులోని వంశావళులను, రాజ్యకాలములను కూడి తీసి, సృష్టి క్రీ.పూ. 4004వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీకి ముందటి సాయంకాలమున ఆరంభమైనదని లెక్క తేల్చెను. ఆ లెక్క 18వ శతాబ్దారంభమునుండి ఆంగ్ల బైబిళ్ళ అంచులలో అచ్చగుచు వచ్చుటచేత, అంచున నున్నది మూలమున నున్నదే యని ఎందరో నమ్మిరి. యూదుల పంచాంగపు లెక్కలో మాత్రము సృష్టికి ఆది క్రీ.పూ. 3761. ఇక రెండవ పక్షమువారు భూగర్భశాస్త్రమును, 1859లో వెలువడిన డార్విను గ్రంథమును చేతబట్టుకొని ఇదే అధ్యాయమును అబద్ధసాక్షిగా నిరూపింప పూనుకొనిరి. ఈ ఇరుపక్షముల కంటెను వివేకముగా నడచినవాడు, అషరుకు పన్నెండు వందల ఏండ్లకు పూర్వుడైన అగస్టీను: ఈ దినములు మనము ఎరిగిన దినముల వంటివి కాకపోవచ్చుననియు, భూమ్యాకాశముల నడకను గూర్చి తెలిసినవారి యెదుట క్రైస్తవులు లేఖనము పేరు చెప్పి తెలియని మాటలాడి నవ్వులపాలు కారాదనియు అతడు హెచ్చరించెను. మన కాలములోనే, విశ్వము వ్యాకోచించుచున్నదని 1927లో ప్రతిపాదించిన బెల్జియం శాస్త్రజ్ఞుడు జార్జ్ లెమైత్ర్ కతోలిక గురువు. 1951లో పోపు 12వ పయస్ ఆ సిద్ధాంతమునకును సృష్టివాక్యమునకును ముడిపెట్టి ప్రసంగించినప్పుడు, అందరికంటె ఇబ్బందిపడినవాడు ఆ గురువే. బోనునుండి సాక్షిని దింపి ఇంటికి పిలుచుకొనివచ్చి కూర్చుండబెట్టినచో చెప్పదలచిన మాట వేరుగా నుండును.

తెలుగు బైబిలులోని రెండవ వచనము ఆదిలో భూమి యున్న స్థితిని చెప్పుటకు రెండు మాటలు వాడినది: నిరాకారము, శూన్యము. హెబ్రీ భాషలో ఇవి తోహు, బోహు అను జంటమాటలు. మన చిందరవందర, అల్లకల్లోలము వలె చెవికి తూగునవి. తరువాతి ఆరు దినముల వృత్తాంతమంతయు ఈ రెండు మాటలకు చెప్పిన సమాధానము. మొదటి మూడు దినములును నిరాకారమునకు ఆకార మిచ్చునవి: వెలుగును చీకటిని, మీది నీటిని క్రింది నీటిని, నేలను సముద్రమును వేరుచేయుటయే ఆ దినములలో జరిగిన పని. పిమ్మటి మూడు దినములును శూన్యమును నింపునవి. ఇల్లు కట్టువాడు ముందు అడ్డుగోడలు పెట్టించి గదులు తీర్చి, ఆ తరువాత గదా కాపురమునకు మనుష్యులను దింపును! మొదటినాటి వెలుగను గదిలోనికి నాలుగవనాడు సూర్యచంద్రులు వచ్చిరి. రెండవనాటి నీటిలోనికిని ఆకాశములోనికిని అయిదవనాడు చేపలు, పక్షులు వచ్చినవి. మూడవనాడు తేలిన నేలమీదికి ఆరవనాడు పశువులును నరుడును వచ్చిరి. ఇట్లు చూచినచో నా చిన్ననాటి ప్రశ్నకు ఇంకొక సమాధానమును దొరకుచున్నది: సూర్యుడు వెలుగునకు యజమాని కాడు, ఆ ఇంటిలో ఆలస్యముగా దిగిన అద్దెదారు.

ఆ రెండవ వచనముననే, జలములపైని దేవుని ఆత్మ చేయుచుండిన పనికి మన అనువాదకులు అల్లాడు అను క్రియను వేసిరి. ఆకలికి అల్లాడుట, దాహమునకు అల్లాడుట మాత్రమే ఎరిగిన పసివయసున నేను, దేవునికి ఏమి కష్టము వచ్చినదో యని జాలిపడితిని. మూలములోని క్రియ ద్వితీయోపదేశకాండమున మరల కనబడును. అక్కడ కర్త గూటిమీద, పిల్లలమీద రెక్కలార్చు పక్షిరాజు. సిరియా దేశస్థుడొకడు ఈ క్రియకు పక్షి గ్రుడ్లను పొదుగుట అని అర్థము చెప్పెనని 4వ శతాబ్దపు బాసిలు సంతోషముతో వ్రాసియున్నాడు. బ్రహ్మాండమును, హిరణ్యగర్భుని ఎరిగిన మన పాఠకునికి ఆ సిరియావాడు చుట్టమువలె తోచినచో ఆశ్చర్యము లేదు. ఆత్మ యని మనము అనువదించిన మాటకు గాలి యనియు, ఊపిరి యనియు కూడ అర్థములున్నవి. కోడిపెట్ట రెక్కలు విప్పి సర్దుకొనునప్పుడు పుట్టు చిరుగాలిని ఎరిగినవారికి ఆ మూడర్థములును ఒక్క చోటనే దొరకును.

రెండవ దినమును గూర్చి ఒక ముచ్చట చెప్పక ముందునకు సాగలేను. ఆనాడు కలిగిన దానిని మన బైబిలు విశాలము అన్నది. హెబ్రీ మాటకు మూలధాతువు మాత్రము లోహమును రేకుగా సాగగొట్టుట. నిర్గమకాండమున బంగారమును రేకులుగా కొట్టిన పనివారికి వాడినదియు ఈ ధాతువే. కంచరి కొలిమి దగ్గర కూర్చుండి, ముద్దగా నున్న లోహము సుత్తిదెబ్బలకు అంచులు జరిగి జరిగి పళ్ళెముగా విప్పారుట చూచినవానికి గాని ఆ మాట చేసిన బొమ్మ పూర్తిగా కంటికి ఆనదు. ఆ రేకుకు పైనను నీరే, క్రిందను నీరే. ఇంత పని జరిగినను, మిగిలిన దినములకు దొరకిన మంచిదను మెప్పు హెబ్రీ పాఠములో ఈ దినమునకు లేదు. గ్రీకులోనికి అనువదించినవారు ఆ లోటు సహింపలేక తామే మెప్పును చేర్చిరి. యూదుల వ్యాఖ్యాతలు వేరు త్రోవ త్రొక్కిరి: నీటిపని మూడవనాటికి గాని ముగియలేదు గనుక, మూడవనాడు మంచిదను మాట రెండుసార్లు వచ్చినది. ఆదివారము మొదలుగా లెక్కించినచో మూడవది మంగళవారము. రెండింతల మంచి దినమని యూదులలో పలువురు మంగళవారమునాడు పెండ్లిండ్లు చేయుదురు. మంగళవారము పెండ్లి యన్నచో మన పెద్దలు ఏమందురో చెప్పనక్కరలేదు.

ఈ వృత్తాంతము ఎవరికి సమాధానముగా చెప్పబడినదో తెలియుటకు 19వ శతాబ్దము వరకు ఆగవలసివచ్చినది. టైగ్రిసు నది ఒడ్డున, నేటి మోసులు నగరమున కెదురుగా, నీనెవె శిథిలములను త్రవ్వించుచు హెన్రీ లేయర్డు అషూరు రాజుల గ్రంథాలయమునకు చెందిన మట్టిపలకలను వెలికి తీసి లండనుకు పంపెను. వాటిని చదివినవాడు జార్జి స్మిత్తు. బ్యాంకునోట్లకు అచ్చు చెక్కు పనిలో శిష్యరికము చేసి, మధ్యాహ్నపు విరామములలో బ్రిటిషు మ్యూజియమునకు పరుగెత్తి ఆ మేకులవంటి లిపిని స్వయముగా అభ్యసించినవాడు. అతడు 1876లో ప్రకటించిన పుస్తకముతో, బాబిలోనియనుల సృష్టికథ యగు ఎనూమా ఎలీష్ లోకమునకు తెలిసినది. ఏడు పలకల ఆ కావ్యమును బాబిలోనులో సంవత్సరాది పండుగ నాలుగవనాడు మర్దూకు దేవునియెదుట పఠించెడివారు. యెరూషలేము క్రీ.పూ. 587 ప్రాంతమున కూలినప్పుడు చెరపట్టబడి అదే బాబిలోనుకు చేరిన యూదులు ఆ ఊరేగింపులను కన్నులార చూచియుందురు. ఆదికాండపు మొదటి అధ్యాయము తుదిరూపు దాల్చినది ఆ చెరకాలమున, లేదా దాని ఛాయలోననే యని పండితులలో పెక్కుమంది తలంచుచున్నారు.

కథలు రెంటియందును ఆదిలో నీరే. బాబిలోను కథలో ఆ నీరు తియామత్ అను దేవత. హెబ్రీలో అగాధజలమునకు పేరు తెహోమ్. రెండును ఒకే తల్లివేరునకు పుట్టిన మాటలు. అక్కడ మర్దూకు గాలులను ఆమె నోటిలోనికి దూర్చి, బాణముతో పొట్ట చీల్చి, ఎండబెట్టుటకు చేపను చీల్చినట్లు ఆమెను రెండు బద్దలుగా చేసి, ఒక బద్దను ఆకాశముగా కప్పెను. ఇక్కడ తెహోమ్ ఎదిరింపదు, మాటాడదు. అది వట్టి నీరు. యుద్ధము లేదు, పలుకు మాత్రమే యున్నది. న్యాయముగా చెప్పవలెనన్నచో పలుకుతో సృజించు శక్తి మర్దూకునకును కలదు; దేవతల సభలో అతడు ఒక్క మాటతో ఒకదానిని నాశము చేసి, ఒక్క మాటతో మరల కలిగించి చూపెను. కాని అది పరీక్షలో నెగ్గుటకు చూపిన ప్రదర్శన. అసలు సృష్టికి వచ్చునప్పటికి అతనికి ఆయుధము కావలసివచ్చినది.

స్మిత్తు పుస్తకము వెలువడినప్పుడు రెంటికి గల పోలికలను చూచి కొందరు భయపడిరి, కొందరు చప్పట్లు కొట్టిరి. నన్నడిగినచో, పోలికలు కావు, ఆదికాండము ఏమి చెప్పక దాటవేసినదో అది చూడదగినది. దేవుడు పగటికి, రాత్రికి, ఆకాశమునకు, భూమికి, సముద్రమునకు పేర్లు పెట్టెను. నాలుగవనాడు చేసిన వాటికి మాత్రము పేర్లు లేవు. పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని చెప్పి ఆదికాండకర్త ఊరకుండెను. హెబ్రీలో సూర్యునికి షెమెష్ అను మాట లేకకాదు. ఆ మాట పలికినచో బాబిలోనులో షమష్ అను సూర్యదేవుని గుడిగంట మ్రోగును; చంద్రునికి అక్కడ సీన్ అని పేరు, అతనికిని గుళ్ళున్నవి. పేరు చెప్పకుండుటయే ఇక్కడ ప్రత్యుత్తరము. మీరు మ్రొక్కుచున్నవి దీపములు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కాలము తెలిసికొనుటకు వ్రేలాడదీయబడినవి. నక్షత్రములనైతే, వాటి నడకనుబట్టి రాజుల జాతకములు చెప్పు నగరములో కూర్చుండి, వాక్యము చివర ఒకటి రెండు మాటలలో, మరచిపోయి జ్ఞాపకము వచ్చినట్లు తగిలించి విడిచెను. చెరలో నున్నవాడు బిగ్గరగా వాదింపలేడు. పేరు మ్రింగివేసి మాటాడుట వాని చేతనైన పని.

నరుని పుట్టుక దగ్గర ఈ ప్రత్యుత్తరము మరింత సూటియైనది. బాబిలోను కథలో, ఓడిన పక్షపు సేనాని యగు కింగు నెత్తుటితో మనుష్యుని చేసిరి. ఎందుకనగా, దేవతలు మోయుచుండిన చాకిరి వాని నెత్తిన పెట్టి తాము విశ్రమించుటకు. ఆదికాండమున నరుడు దేవుని స్వరూపమందు, పోలికె చొప్పున చేయబడెను. ఆ ప్రాంతములలో దేవుని స్వరూపమని పిలువబడినవాడు సాధారణముగా రాజే. సిరియాలోని తెల్ ఫెఖెరియాలో 1979లో దొరకిన ఒక పాలకుని రాతిబొమ్మమీద, ఆ బొమ్మను పేర్కొనుటకు వాడిన రెండు మాటలును ఆదికాండములోని స్వరూపము, పోలిక అను మాటలకు తోబుట్టువులే. రాజులు తమ బొమ్మను నిలిపిన చోట ఈ అధ్యాయము స్త్రీపురుషులను ఇరువురిని నిలిపినది. మానవజాతికంతకు మూలపురుషుడు ఒక్కడే యగుటకు కారణమేమని యూదుల మిష్నా ప్రశ్నించుకొని, మా తండ్రి మీ తండ్రికంటె గొప్పవాడని ఎవ్వడును మరియొకనితో అనకుండుటకు అని సమాధానపడినది. ఊరికి వెలిగా నుండిన మా పేటలో ఈ సంగతికి వేరు వ్యాఖ్యానము అక్కరలేకపోయెడిది.

రెండవ అధ్యాయమునకు వచ్చునప్పటికి కంఠస్వరము మారును. అంతవరకు దేవుడు అని మాత్రమే యున్నచోట దేవుడైన యెహోవా అని కనబడుట తెలుగు పాఠకుడును గుర్తింపవచ్చును. 1753లో జ్యాన్ ఆస్ట్రూక్ అను ఫ్రెంచి వైద్యుడు ఈ రెండు పేర్లను దారముగా పట్టుకొని, రెండు ప్రాచీన వృత్తాంతములు ఇక్కడ ప్రక్కప్రక్కన చేర్చబడినవని పేరు చెప్పకుండ ఒక పుస్తకము అచ్చువేయించెను. మొదటిదానిలో చెట్లు, పశువులు, చివరకు నరుడు. రెండవదానిలో ముందు నరుడు, పిమ్మట చెట్లు, పశువులు, చివరకు స్త్రీ. మొదటిదానిలో పలికి కలిగించిన దేవుడు రెండవదానిలో కుమ్మరివలె మోకాళ్ళపై కూర్చుండి నేలమంటిని పిసుకుచున్నాడు. నిర్మించుట అని మన బైబిలు చెప్పిన క్రియ హెబ్రీలో కుమ్మరి పనికి చెప్పునదే. మట్టికి అదామా, మనిషికి ఆదాము.

ఈ మాటల చమత్కారము అనువాదకులకు ప్రాణసంకటము. పురుషుడు హెబ్రీలో ఈష్, స్త్రీ ఈషా. ఇతనినుండి తీయబడినది గనుక ఆమెకు ఆ పేరు. గ్రీకులోనికి వచ్చునప్పటికి ఈ ముడి తెగినది. లాటినులో జెరోము పండితుడు విర్ అను మాటనుండి విరాగో అను మాటను తెచ్చి ఎట్లో అతికించెను గాని, ఆ మాటకు వీరనారి యను వాసన వదలదు. 19వ శతాబ్దమున అనేకుల చేతులమీదుగా రూపొందిన మన తెలుగు బైబిలులో మాత్రము ఏ పండితుని పుణ్యమో గాని, నరునినుండి తీయబడినది గనుక నారి! ఒక్క అక్షరము దీర్ఘము పలికినంతలో హెబ్రీ సొగసు చెడకుండ వచ్చి కూర్చున్నది. మోషే గ్రంథములకు కాండములని పేరు పెట్టినవారు రామాయణము తెలిసినవారే యై యుండవలెను. ఈ నారిని కనుగొన్నవారికి అమరకోశమును కంఠస్థమై యుండవలెనని నా యూహ.

ఇంతవరకు చెప్పినవాటికంటె నాకు ముఖ్యమైనది వేరొకటి యున్నది. బైబిలునకు ఇప్పుడున్న అధ్యాయ విభాగము మూలములోనిది కాదు. 13వ శతాబ్దారంభమున, పిదప క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అయిన స్టీఫెను లాంగ్టను చేసినదని ప్రసిద్ధి. మొదటి అధ్యాయమును ఆయన ఆరవ దినముతో త్రుంచెను. దానివలన, నరుని పుట్టించి అంతయు చాల మంచిదని మెచ్చుకొనుటతో కథ ముగిసినట్లును, మనమే ఈ సృష్టికి శిఖరమైనట్లును చదువరికి తోచును. ఏడవ దినము తరువాతి పుటలో, వేరు అధ్యాయపు తలలో, పరిశిష్టమువలె పడిపోయినది. నిజమునకు ఆరు దినములును నడచినది ఆ ఏడవదానికొరకే. హెబ్రీలో మొదటి వచనమునకు ఏడు మాటలు. మంచిదను మెప్పు మొత్తము ఏడుసార్లు. మెట్లన్నియు ఎక్కడికి ఎక్కుచున్నవో చూపుటకు ఇవి చాలును.

మన పంచాంగమున దినము సూర్యోదయముతో ఆరంభమగును, యూదులకు సూర్యాస్తమయముతో. ఇందులకు ఆధారము ఈ అధ్యాయమే: ప్రతి దినపు చివరను అస్తమయము ముందు, ఉదయము తరువాత వచ్చును. ఆరు దినములకును తప్పక వచ్చిన ఆ పల్లవి ఏడవ దినమునకు రాలేదు. ఆ దినమునకు సాయంకాలము లేదు. మన బైబిలు విశ్రమించెను అన్నది గాని, అలసి కూర్చుండుట అక్కడి మూలార్థము కాదు. పని చాలించుట, ఇంక చాలునని చేయి తీయుట. గుడి కూలిపోయి, నేల పరాధీనమై, చెరలో నున్న జాతికి ఎవ్వరును కొల్లగొట్టలేనిది వారమునకొక దినము మిగిలినది. శుక్రవారము పొద్దుగ్రుంకుటకు కొంచెము ముందు యూదుల ఇండ్లలో గృహిణులు దీపములు వెలిగించి, రెండు చేతులతో కన్నులు మూసికొని ప్రార్థింతురు; చేతులు తీసినప్పటికి దినము మారియుండును.

బాబిలోను కథకును దీనికిని అసలు తేడా ఇక్కడ నున్నది. అక్కడ మనుష్యుడు చాకిరి చేయుటవలన దేవతలు విశ్రమింతురు. ఇక్కడ దేవుడు పని చాలించి, ఆ చాలింపును నరునికి పంచి, అక్కడితో ఆగక నిర్గమకాండమున దాసునికి, దాసికి, ఇంట తలదాచుకొన్న పరదేశికి, ఎద్దునకు, గాడిదకు వ్రాసియిచ్చెను. విశ్రాంతి ప్రభువుల సొత్తైన కాలములో ఆజ్ఞల పట్టీలోనికి ఎద్దు వచ్చుట చిన్న సంగతి కాదు. క్రైస్తవులు ఆ దినమును శనివారమునుండి ఆదివారమునకు మార్చుకొనిరి. ఎద్దునకు ఆ మార్పుతో పనిలేదు.

ఒక యేడు తొలకరి ఆలస్యమై, శనివారము రాత్రి కురిసినది. తెల్లవారుసరికి ఊరందరును అరకలు కట్టిరి. పొలమునకు పోవుచున్న రైతొకడు మా ఉపదేశిగారి వాకిట ఆగి, "పదును ఆరిపోతోందయ్యా, ఇంకా అరక కట్టలేదేం?" అనెను. "నేనైతే వచ్చేవాణ్ణే, వాటికి సెలవు," అనిరి ఆయన. కొట్టము ముందటి వేపచెట్టు క్రింద దాపటెద్దు పండుకొని నెమరువేయుచుండెను. వలపటెద్దు నిలువుననే కన్నులు మూసికొనియుండెను. గుడి చాలించి వచ్చిన పిమ్మట సాయంకాలము వరకును, నీడ జరిగినప్పుడెల్ల ఆయన లేచి, పలుపులు విప్పి, వాటిని నీడలోనికి మార్చి కట్టుచుండిరి.